అరచేతిలోని పాఠములు

అరచేతిలో వైకుంఠము చూపుట యని తెలుగున ఒక నానుడి గలదు. చేయలేని పనిని చేసెదమని వట్టి మాటలతో మురిపించువారిని గూర్చి ఆ మాట వాడుదురు. అయితే ఒక బాలిక అరచేతిలో నిజముగనే వ్రాసి వ్రాసి, ఇంగ్లీషుభాషను, అందలి సాహిత్యమును ఆమెకు చూపిన ఉపాధ్యాయిని ఒకతె యుండెను. ఆ ఉపాధ్యాయిని పేరు ఆనీ సలివన్. ఆ బాలిక హెలెన్ కెల్లర్.

హెలెన్ 1880 వ సంవత్సరము జూన్ 27 వ తేదీన అమెరికాలోని అలబామా రాష్ట్రమున టస్కంబియా అను చిన్న పట్టణములో జన్మించెను. పందొమ్మిది నెలల ప్రాయమున వచ్చిన జబ్బు ఆమె చూపును, వినికిడిని హరించెను. చెవులు వినబడని పసిబిడ్డకు మాటలు రావు. కావలసినదానిని సైగలతో తెలుపుట, తెలుపలేనప్పుడు నేలపై బడి తన్నుకొనుట, ఇదియే ఆమెకు తెలిసిన భాష. ఆమెకు ఏడేండ్లు నిండుటకు ఇంచుమించు నాలుగు నెలల ముందు, 1887 మార్చి 3 వ తేదీన, బోస్టన్ నగరమునుండి సలివన్ ఆ యింటికి వచ్చెను.

ఆ ఉపాధ్యాయినికి అప్పటికి ఇరువదియేండ్లు మాత్రమే. బీద ఐరిష్ కుటుంబములో బుట్టి, చిన్ననాటనే కంటిజబ్బువలన చూపు చాలవరకు పోగొట్టుకొని, తల్లి చనిపోయిన పిదప పదవయేట తమ్మునితో గూడ బీదల ఆశ్రమమున జేరినది. ఆ తమ్ముడు అచ్చటనే మరణించెను. పదునాలుగవయేట బోస్టన్‌లోని పెర్కిన్స్ అంధుల పాఠశాలలో ప్రవేశించునాటికి ఆమెకు చదువనుగాని వ్రాయనుగాని రాదు. ఆరేండ్లు తిరుగునప్పటికి తరగతిలో ప్రథమురాలై బయటికి వచ్చెను. శస్త్రచికిత్సలవలన చూపు కొంత మరలి వచ్చినను ఆ కన్నులు జీవితాంతము బలహీనముగనే యుండెను. భాష రానివారి బాధ యెట్టిదో తెలియుటకు ఇంతకుమించిన యోగ్యతాపత్రము మరియొకటి యుండబోదు.

ఆమె తనతో దెచ్చిన సాధనము వ్రేళ్ళ అక్షరమాల. ఒక్కొక్క అక్షరమునకు వ్రేళ్ళు ఒక్కొక్క రీతిని ముడువవలెను. వినువారు ఆ చేతిని తమ చేతితో తడవి అక్షరమును గుర్తింతురు. హెలెన్ కొన్ని మాటల అక్షరములను కోతి అనుకరించినట్లు అనుకరించుచుండెనేగాని, అవి వస్తువుల పేర్లని యెరుగదు. ఏప్రిల్ 5 వ తేదీన నీళ్ళపంపు క్రింద ఒక చేతిపై నీరు పడుచుండగా, రెండవచేతిలో ఆ నీటి పేరును సలివన్ వ్రాసినప్పుడు ఆ రహస్యము విడిపోయెను. ఆ కథ లోకమంతటను ప్రసిద్ధము. తరువాత జరిగినది అంత ప్రసిద్ధము కాదు; విద్యార్థులకు అదియే ఎక్కువ అవసరము.

పేర్లు నేర్చుట వేరు, భాష నేర్చుట వేరు. ఈ భేదమును సలివన్ తరగతిగదిలో గాక ఒక పసిపాపవలన గ్రహించెను. హెలెన్ బంధువుల బిడ్డ పదునైదు నెలలది యుండెను. ఆ పాప ఇంకను సరిగా మాటలాడనేరదు. అయినను పెద్దలు చెప్పినది తెలిసికొని, చెప్పినట్లు చేయుచుండెను. ఆ పాపకు ఎవరును వేళ నిర్ణయించి పాఠము చెప్పలేదు; మాటలను విడదీసి వల్లింపజేయలేదు. ఇంటిలోనివారు తమ మాటలు తాము మాటలాడుచుండిరి, పాప వినుచుండెను, అంతే. సలివన్ ఆనాటినుండి నియమిత పాఠములను కట్టిపెట్టి, ఆ పాప చెవిలో పెద్దలు మాటలాడినట్లే తాను హెలెన్ చేతిలో మాటలాడసాగెను. ఒంటరి పదములు గాక పూర్తి వాక్యములే వ్రాయుచుండెను. వాక్యములోని మాటలన్నియు ఆ బాలికకు తెలియవు. తెలిసిన రెండుమూడు మాటల ఆధారమున తక్కినవానిని ఆమె ఊహించుచుండెను. ఆ ఊహయే భాషకు మొదటిమెట్టు. ముట్టి చూడదగిన వస్తువుల పేర్లు ఇట్లు త్వరలోనే వచ్చెను.

ముట్టి చూడరాని మాటల సంగతి యేమి? ఒకనాడు హెలెన్ తోటలో అప్పుడే పూచిన పూలను గోసి తెచ్చి ఉపాధ్యాయినికి ఇచ్చెను. సలివన్ ఆమెను దగ్గరకు దీసి, నీవనిన నాకు ప్రేమ యని చేతిలో వ్రాసెను. ప్రేమ యనగా నేమని హెలెన్ అడిగెను. సలివన్ ఆమె గుండెపై చేయి వేసి, ఇచ్చట నున్నదని తెలిపెను. బాలికకు అర్థము కాలేదు. పూల తీపివాసనయే ప్రేమయా? కాదు. పైనుండి తగులు ఎండవేడిమియా? కాదు. లోకమున నున్న వస్తువులన్నిటిని చూపగలిగిన టీచరు ఈ యొక్కదానిని చూపలేకపోవుట ఆమెకు వింతగా నుండెను. (హెలెన్ ఆమెను జీవితాంతము టీచరు అనియే పిలిచెను.)

ఇచ్చట మరియొకరైనచో నిఘంటువులోని అర్థమును చేతిలో వ్రాసి, ప్రశ్న తీరినదనుకొనియుందురు. సలివన్ ఊరకుండెను. ఒకటి రెండు దినములు గడచెను. హెలెన్ పూసలు గ్రుచ్చుచుండెను: రెండు పెద్దపూసలు, మూడు చిన్నపూసలు, ఆ వరుస తప్పరాదు. మాటిమాటికి వరుస తప్పుచుండగా టీచరు ఓపికతో చూపుచుండెను. చివరకు ఎచ్చట తప్పినదో తెలియక బాలిక చేతులాపి, పూసలవంక మనసు నిలిపెను. ఆ క్షణమున సలివన్ ఆమె నొసటిని తాకి, ఆలోచించు అను మాటను వ్రాసెను. తన తలలో ఆ నిమిషమున జరుగుచున్నదానికే ఆ పేరని హెలెన్‌కు తటాలున తెలిసెను. ముట్టరాని వస్తువునకు పేరుండునని గ్రహించుట అదే మొదలు. ఆ వెలుగులో ఆమె మరల ప్రేమ యను మాటవద్దకు వచ్చెను. మేఘములను చేత బట్టలేకున్నను వాన పడినప్పుడు వాని ఉనికి తెలియునుగదా యని టీచరు ఈసారి చెప్పిన పోలిక ఆమెకు వెంటనే అందెను.

భాష యిట్లుండగా, సాహిత్యము మరియొక రీతిని వచ్చెను. 1888 లో సలివన్ ఆమెను బోస్టన్‌కు దీసికొనిపోయి, పెర్కిన్స్ పాఠశాల గ్రంథాలయములో విడిచెను. అచ్చటి పుస్తకములలో అక్షరములు ఉబ్బెత్తుగా ముద్రింపబడియుండును. హెలెన్ బీరువానుండి బీరువాకు తిరుగుచు చేతికి దొరికిన పుస్తకమును దీసి, పుటకు ఒకటి రెండు మాటలు తెలిసినను ఆనందముతో చదువుచుండెను. ఒకనాడు ఒక మూల గూర్చుండి హాథారన్ వ్రాసిన ‘స్కార్లెట్ లెటర్’ అను పెద్దల నవలను తడవుచుండగా టీచరు చూచెను. ఎనిమిదేండ్ల పిల్ల చేతిలో ఆ పుస్తకమును చూచి ఆమె కోపింపలేదు, లాగికొననులేదు. అందలి చిన్నపాప నీకు నచ్చినదా యని యడిగి, తెలియని మాటలు కొన్ని విప్పిచెప్పి, ఇంతకన్న నీకు నచ్చెడి ఒక బాలుని కథ యున్నది, వేసవిలో చదివి వినిపింతునని మాట యిచ్చెను. ఆ కథ ‘లిటిల్ లార్డ్ ఫాంట్లరాయ్’.

ఆగస్టు మాసమున సముద్రతీరమునందలి బ్రూస్టర్ అను గ్రామములో ఆ మాట నెరవేరెను. మధ్యాహ్నభోజనమైన పిదప ఇద్దరును త్వరత్వరగా గిన్నెలు గడిగి, ఇంటికి కొంత దూరమున రెండు దేవదారువృక్షముల నడుమ గట్టిన ఊయెలవద్దకు పోయిరి. దారిలో మిడుతలు గుంపులుగా వచ్చి బట్టలపై వ్రాలుచుండెను. వానినన్నిటిని ఏరి పారవేసినగాని కథ మొదలుపెట్టనని టీచరు పట్టుబట్టెను. హెలెన్‌కు ఆ ఆలస్యము దుస్సహముగా నుండెను. పాఠము వినుటకు పిల్లలు ఇంత తొందరపడుట అరుదుగా చూతుము!

సలివన్ మొదట కథకు కావలసిన కొన్ని సంగతులు చెప్పి, తరువాత చదువుచు, క్రొత్తమాట వచ్చినప్పుడెల్ల ఆగి అర్థము చెప్పుచుండెను. మొదట అట్టి మాటలు చాలయుండెను. కాని కథ యెచ్చట, ఎవరెవరు, ఏమి జరుగుచున్నదను సంగతి తెలిసిన పిదప హెలెన్ మాటలను లెక్కచేయుట మానెను. టీచరు అవసరమనుకొని చెప్పిన వివరణములను ఆమె అసహనముతో వినెను. ఇట్టిచోట వివరణములను తగ్గింపవలెను. ఉపాధ్యాయులకు అతికష్టమైన విద్య యిదియే. తనకు తెలిసినదానిని చెప్పుట యెవరికైనను సులభము. తెలిసియు చెప్పక యూరకుండుట సులభము కాదు. చదివి చదివి టీచరు వ్రేళ్ళు నొప్పిపుట్టి ఇక నొక్క అక్షరమును వ్రాయలేకపోయినప్పుడు, హెలెన్ ఆ పుస్తకమును చేతులలోనికి దీసికొని అక్షరములను తడవిచూచెను. అది కన్నులున్నవారికై అచ్చువేసిన మామూలు పుస్తకము. పుట నున్నగా నుండెను. తనకు లేనిదేమో ఆమెకు అంత తీవ్రముగా తోచుట అదే మొదటిసారి. తరువాత పెర్కిన్స్ పాఠశాల అధికారి అనాగ్నోస్ ఆ కథను ఉబ్బెత్తు అక్షరములలో అచ్చువేయించెను. హెలెన్ దానిని ఇంచుమించు కంఠస్థము చేసెను.

ఇంతవరకు సుఖముగా నడచిన ఈ చదువునకు 1892 లో గొప్ప దెబ్బ తగిలెను. 1891 శరదృతువున, పదునొకండేండ్ల హెలెన్ ‘మంచురాజు’ అను కథ వ్రాసెను. మంచురాజు దాచుకొన్న రత్నములు ఎండకు కరగి చెట్ల ఆకులకు రంగులు పూసెనని అందలి కల్పన. ఇంటిలోనివారు విని ఆశ్చర్యపడి, దీనిని ఏ పుస్తకములోనైన చదివితివా యని యడిగిరి. లేదు, ఇది నా కథయే యని ఆమె చెప్పెను. దానిని అనాగ్నోస్‌కు జన్మదినకానుకగా పంపగా ఆయన సంతసించి పత్రికలో అచ్చువేయించెను. కొలదిదినములకే మార్గరెట్ కాన్బీ అను రచయిత్రి ముందెన్నడో వ్రాసిన ‘మంచుదేవతలు’ అను కథకును దీనికిని గల పోలిక బయటపడెను. కల్పన మాత్రమే గాదు, కొన్ని వాక్యములును ఒక్కటే.

విచారింపగా, 1888 వేసవిలో బ్రూస్టర్‌నందు, సలివన్ సెలవుపై పోయియున్న దినములలో, వారి ఆతిథ్యురాలు ఆ పుస్తకమును హెలెన్‌కు చదివి వినిపించియుండునని తేలెను. అప్పటికి హెలెన్‌కు భాష వచ్చి ఏడాది దాటినది. చేతిలో వ్రాసిన మాటలు మనస్సులో నాటుకొనెను. అవి యెవరివను సంగతి మాత్రము జారిపోయెను. మూడేండ్లకు అవి తన మాటలవలెనే పైకి వచ్చెను. పాఠశాలవారు ఎనిమిదిమందిని గూర్చి విచారణసభ నేర్పరచిరి. సలివన్‌ను గదివెలుపలికి పంపి, పదునొకండేండ్ల పిల్లను ఒంటరిగా నిలిపి ప్రశ్నలపై ప్రశ్నలు వేసిరి. ఆ ప్రశ్నల వెనుక మరియొక ప్రశ్న దాగియుండెను: ఈ పిల్ల వ్రాయునదంతయు ఈ పిల్లదేనా, లేక టీచరు వ్రాయించుచున్నదా? ఆ రాత్రి హెలెన్ మంచముపై బడి, తెల్లవారునప్పటికి చనిపోయిన బాగుండునని కోరుకొనెను.

కాన్బీ మాత్రము దయగల జాబు వ్రాసి, ఎన్నడో యొకనాడు నీవు నీ సొంతకథను వ్రాయగలవని ధైర్యము చెప్పెను. చాలయేండ్ల తరువాత, 1903 లో, మార్క్ ట్వేన్ ఈ వృత్తాంతమును చదివి, లోకములోని భావములన్నియు ఎవరివద్దనో తెచ్చుకొన్నవే యని ఆ విచారణాధికారులను తీవ్రముగా నిందించెను. కాని అప్పటికి జరుగవలసిన హాని జరిగియుండెను. హెలెన్ జాబు వ్రాయుచు వ్రాయుచు నడుమ ఆగి, ఈ వాక్యము నాదో కాదో యని టీచరు చేతిలో వ్రాయుచుండెను. తల్లికి వ్రాయు జాబులో సైతము ఆ భయమే. వ్రాసిన వాక్యములను మరల మరల తడవి, ఏ పుస్తకములోను లేవని నమ్మకము కుదిరినగాని ముందుకు పోలేకపోయెను.

ఇట్టి సమయమున సహాయము చేయుట యెట్లు? వాక్యములు తాను చెప్పి వ్రాయించినచో నిందయే నిజమగును. ఊరక విడిచినచో ఆ పిల్ల ఇక కలము పట్టదు. సలివన్ ఒక ఉపాయము కనుగొనెను. పిల్లల పత్రిక యొకదానికి నీ జీవితమును గూర్చి చిన్న వ్యాసము వ్రాయుమని ఆమెను ప్రోత్సహించెను. తన తోటను, తన కుక్కను, తన నీళ్ళపంపును గూర్చి వ్రాసినది మరియొకరిదని ఎవరు చెప్పగలరు? పండ్రెండేండ్ల హెలెన్ భయపడుచునే దానిని పూర్తిచేసెను.

1896 లో హెలెన్ రాడ్‌క్లిఫ్ కళాశాలలో ప్రవేశించు తలంపుతో కేంబ్రిడ్జి పట్టణములోని బాలికల పాఠశాలలో జేరెను. కన్నులు, చెవులు గల బాలికలతో గూడి చదువుట ఆమెకు అదే తొలిసారి. షేక్స్పియరు నాటకమొకటి, బర్క్ ఉపన్యాసమొకటి, మెకాలే రచించిన జాన్సన్ చరిత్రము ఆ యేటి పాఠ్యములు. సలివన్ ప్రక్కన గూర్చుండి ఉపాధ్యాయుల మాటలను ఆమె చేతిలో వ్రాయుచుండెను. వినుచున్న చేయి వ్రాయలేదు గనుక తరగతిలో నోట్సు వ్రాసికొనుట అసాధ్యము. ఇంటికి పోయిన పిదప జ్ఞప్తియున్నంతవరకు టైపుయంత్రముపై వ్రాసికొనవలెను. నిఘంటువులో మాటలు వెదకుట, ఉబ్బెత్తు అక్షరములలో లేని పుస్తకములను మరల మరల చదివి వినిపించుట సలివన్ పని. ప్రశ్నకు జవాబు వ్రాయుట మాత్రము ఆమె పని కాదు. 1897 లో జరిగిన ప్రవేశపరీక్షలలో ఆ పాఠశాల అధ్యక్షుడు గిల్మన్ ప్రశ్నలను ఆమె చేతిలో వ్రాసెను. ఇంగ్లీషునందును జర్మనునందును ఆమె విశేషయోగ్యతతో గెలిచెను. 1899 లోని తుదిపరీక్షలలో ఆ పనికి గిల్మన్ లేడు. పరిచయము లేని ఉపాధ్యాయుడొకడు ప్రశ్నపత్రములను బ్రెయిల్ లిపిలో వ్రాసి యిచ్చెను. సలివన్‌కు ఆ గదిలో ప్రవేశము లేదు. హెలెన్ తనంతట తాను వ్రాసి ఉత్తీర్ణురాలయ్యెను.

1900 లో ప్రవేశించిన కళాశాల ఆమె కలలలోని కళాశాల గాదు. కావ్యములకు ఆచార్యులు చెప్పు వ్యాఖ్యానములు చాలవరకు జ్ఞప్తిలో నిలువక, పండిన పండు కొమ్మనుండి రాలినట్లు రాలిపోవుచున్నవని ఆమె వ్రాసెను. పువ్వునకు వేరెట్లున్నది, కాడయెట్లున్నదని తెలిసినంతమాత్రమున పువ్వు అందము తెలియదనియు వ్రాసెను. పద్యమునకు ప్రతిపదార్థము, తాత్పర్యము, విశేషములు పూర్తిగా అప్పగించి, పద్యమును మరచిపోవువారు మన బడులలోను లేకపోలేదు.

అయితే ఆ కళాశాలలోనే ఆమెకు గొప్ప మేలొకటి జరిగెను. ఇంగ్లీషురచనను బోధించు ఆచార్య కోప్లండ్ ఆమె వ్యాసములను చదివి, ఇతరుల చూపును, ఇతరుల వినికిడిని అరువు దెచ్చుకొనక, నీకు తెలిసినదానినే వ్రాయుమని సూచించెను. అప్పటివరకు ఆమె రంగులను గూర్చియు ధ్వనులను గూర్చియు పుస్తకములలో చదివినట్లు వ్రాయుచుండెను. తన చేతులకు తెలిసిన లోకము వ్రాయదగినదని ఆమెకు తోచనే లేదు. ఇకమీద నేను నేనుగనే యుందునని ఆ సంవత్సరము డిసెంబరులో ఆమె ఆ ఆచార్యునికి జాబు వ్రాసెను. ఆ తరగతికై వ్రాసిన వ్యాసములే పెరిగి, 1902 లో పత్రికలో వరుసగా వెలువడి, 1903 లో ‘నా జీవితకథ’ అను గ్రంథమయ్యెను. మంచురాజు కథను దాచక అందులో ఒక ప్రకరణము పొడవునను చెప్పెను.

1904 లో హెలెన్ పట్టభద్రురాలయ్యెను. ఆ నాలుగేండ్లును సలివన్ దినమునకు నాలుగైదు గంటలు పుస్తకములు చదివి ఆమె చేతిలో వ్రాయుచుండెను. వైద్యుడు ఆ కన్నులను పరీక్షించి, ఇట్లు చదువుట వెఱ్ఱితనమని చెప్పెను. సలివన్ మానలేదు. ఈ సంగతి తెలిసిన తరువాత హెలెన్ చేసిన పనిని తానే చాలకాలమునకు ఒక పుస్తకములో చెప్పుకొనెను. ఈ పుటలు మరల చదివి వినిపింపవలెనా యని టీచరు అడుగును. అక్కరలేదు, అన్నియు జ్ఞప్తియున్నవని హెలెన్ ఆమె చేతిలో వ్రాయును. నిజమునకు ఆ పుటలు అప్పటికే ఆమె మనస్సునుండి జారిపోయియుండెను.